బార్నాక్ వాళ్ళు

దేదీప్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే వింటోంది. కాయ కొస విరిచి, ఈనె మధ్యలో తెగకుండా చివరిదాకా లాగి, ఇండియన్ స్టోర్ వాళ్ళ ప్రకటన కాగితం మీద పోగు పెడుతోంది. బల్లకు ఆవలివైపు ఆలిస్టర్ బార్నాక్ గారు కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, తాను రాస్తున్న పుస్తకంలో మొదటి అధ్యాయం పైకి చదువుతున్నారు. వారానికి రెండుసార్లయినా చదువుతారు. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ కళ్ళద్దాలు తుడుచుకుంటారో ఆమెకు కంఠతా వచ్చేసింది.

స్కాట్లండ్ పడమటి కొండల్లో బార్నాక్ అని ఒక వాగు. ఆ వాగు ఒడ్డున పదకొండు ఇళ్ళు. అక్కడ పుట్టినవాళ్ళందరికీ వాగు పేరే ఇంటిపేరయింది. రెండు వందల ముప్పై ఏళ్ళ కిందట ఆ భూములు గల దొరకు మనుషులకంటే గొర్రెలు లాభమనిపించాయి. ఇళ్ళ కప్పులకు నిప్పు పెట్టించాడు. జనం పసిపిల్లల్ని ఎత్తుకుని సముద్రం దారి పట్టారు.

"ఆఖరికి శ్మశానంలోకి కూడా గొర్రెల్ని తోలారు," అని చదివి ఆయన ఆగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాళ్ళు పడిపోయాయి. ఏ రాయి కింద ఎవరున్నారో చెప్పేవాళ్ళు ఆ కొండల్లో మిగల్లేదు. చూశావా డీపా, చచ్చినవాళ్ళను కూడా వదల్లేదు."

"అవును తాతగారూ."

ఆయన మాట్లాడేది ఇంగ్లీషు. ఆమె జవాబు చెప్పేదీ ఇంగ్లీషులోనే. 'తాతగారూ' అన్న పిలుపు మాత్రం కోడలు స్మృతి నేర్పిస్తే, ఆయన ఇష్టపడి ఉంచుకున్నారు.

ఆ తరవాత ఇద్దరు అన్నదమ్ములు ఓడ ఎక్కుతారు. ఒకడు దారిలోనే జ్వరంతో పోతాడు. రెండోవాడు వర్జీనియాలో దిగి, అడవి కొట్టి, పొగాకు వేస్తాడు. అధ్యాయం చివరి వాక్యాన్ని ముసలాయన చూడకుండానే చెబుతారు. "బార్నాక్‌లు తమ చేతులతో తామే దున్నుకున్నారు. ఏ మనిషినీ కొనలేదు, ఏ మనిషినీ అమ్మలేదు." పదేళ్ళ వయసులో వాళ్ళ నాన్న బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ ఆ మాట చెప్పించాడట.

వర్జీనియాలోనే, హెర్న్‌డన్‌లో ఉన్న ఆ ఇంట్లో దేదీప్య ఉండబట్టి ఎనిమిది నెలలయింది. ఎమ్మెస్ చదువు. స్మృతి ఆమెకు వరసకు అక్క, ఇక్కడే పుట్టి పెరిగింది, రెస్టన్‌లో ఉద్యోగం. భర్త కాలిన్ బార్నాక్ ఏదో ప్రాజెక్టు మీద టెక్సస్‌లో ఇర్వింగ్‌కి వెళ్ళి, రెండు వారాలకోసారి వచ్చి పోతుంటాడు. ఇంట్లో ఉండేది స్మృతి, మూడో తరగతి చదివే సాన్వి, ఎనభై మూడేళ్ళ మామగారు, దేదీప్య.

ముసలాయన దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. అందులో ఏడు తరాల ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, పొలం పటాలు. సబ్బుతో చేతులు కడిగి, ఆరబెట్టుకుని గానీ ముట్టకూడదు. అంచులే పట్టుకోవాలి. ఆ గదిలోకి ఫోన్ తేకూడదు, కెమెరా వెలుగుకు సిరా చెడుతుందని ఆయన భయం. ఆయనకు చూపు మందగించి పాత చేతిరాత ఆనడం లేదు. కాలిన్ ప్రయత్నించి, చీమలు పాకినట్టుందని వదిలేశాడు. దేదీప్య మొదటిరోజే ఒక పేజీ గడగడా చదివేసరికి ఆయన తెల్లబోయారు.

ఇందులో ఆమె గొప్పేమీ లేదు. ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు, సాయంత్రాలు వాళ్ళ తాతకు గొలుసుకట్టు రాతలో ఉన్న పాత దస్తావేజులు చదివి పెట్టేది. తెలుగు గొలుసుకట్టు చదివిన కళ్ళకు ఇంగ్లీషు గొలుసుకట్టు ఒక లెక్క కాదు. చదువుతూ ఆయన పాత లాప్‌టాప్‌లో టైపు చేసేది. ఆ లాప్‌టాప్‌కు ఇంటర్నెట్ కూడా పెట్టించలేదాయన.

ఆ గురువారం ఆయన భోజనం చేసి పడుకున్నాక, ఆయన నడిపే కుటుంబ సంఘానికి నంబరుగా ఇచ్చిన హాల్లో ఫోన్ మోగింది.

"ఇది బార్నాక్ కుటుంబ సంఘం నంబరేనా?" ఆడమనిషి గొంతు, వయసు మళ్ళింది.

"అవునండీ. మీరెవరు?"

"నా పేరు వెర్నా. వెర్నా బార్నాక్. మనాస్సస్ నుంచి."

దేదీప్య ముఖం విప్పారింది. ఊళ్ళో తమ వీధిలో తమ ఇంటిపేరు గల నూతలపాటి వాళ్ళవి పదహారిళ్ళు. అందులో ఏ ఇంట చావు జరిగినా పదహారిళ్ళకూ మైల. ఆ ఇంటిపేరు గల కుర్రాడు ఎంత చక్కనివాడైనా అన్న వరసే. ఎక్కడో గుంటూరు బస్సులో పక్కన కూర్చున్నావిడ 'మేమూ నూతలపాటి వాళ్ళమే' అంటే, అమ్మ సంచిలోంచి జామకాయలు తీసి పెట్టి, దిగేలోపు భోజనానికి పిలిచేసింది. ఇంటిపేరు కలిశాక ఇక అడగవలసిందేముంది?

"అయితే మీరు మా తాతగారి వాళ్ళేనన్నమాట," అంది.

 అవతలినుంచి చిన్న నవ్వు. "ఆ నంబర్లో అలా అనేవాళ్ళు ఉంటారనుకోలేదమ్మా. ఇదివరకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు."

"పోస్టులో పోయుంటాయండి. ఏం కావాలి మీకు?"

వెర్నా చెప్పింది. ఊరికి పడమర, పాత బార్నాక్ పొలం ఎన్నో చేతులు మారి ఇప్పుడు ఒక కంపెనీ దగ్గరుంది. డేటా సెంటర్ కడతారట. వచ్చే నెల నుంచి తవ్వకం. "అక్కడ మావాళ్ళున్నారమ్మా, భూమి లోపల. ఎక్కడున్నారో చూపించే కాగితం తెమ్మంటోంది కౌంటీ ఆఫీసు. మంగళవారం మీటింగ్. కాగితం లేకపోతే బుల్డోజర్లు దిగుతాయి. పాత పటం ఏదైనా మీ దగ్గర..."

"ఉందండి," అంది దేదీప్య. "పటం ఉంది. నేనే చదివాను. ఆదివారం భోజనానికి రండి, తాతగారే చూపిస్తారు."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు.

నాలుగింటికి ముసలాయనకు టీ ఇస్తూ సంతోషంగా చెప్పింది. "మీవాళ్ళు ఫోన్ చేశారు తాతగారూ. వెర్నా బార్నాక్ గారట. ఆదివారం భోజనానికి రమ్మన్నాను."

"వెర్నా." ఆయన కప్పు కింద పెట్టారు. "ఏ ఊరంది?"

"మనాస్సస్. పాత పొలం పటం కావాలట. ఉందని చెప్పాను."

ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశారు. బయట పక్కింటివాళ్ళ కారు మీద పసుపుపచ్చగా పుప్పొడి పట్టి ఉంది.

"ఆవిడ మనవాళ్ళు కాదు డీపా."

"ఇంటిపేరు అదే కదా?"

"మీ ఊళ్ళో అలా ఉంటుందేమో."

లేచి ఆఫీసు గదిలోకి నడిచారు. ఆమెను పిలిచారు. మార్చిలో టైపు చేసిన రెండు పేజీలు తెరవమన్నారు. ఒకటి పొలం పటానికి రాసిన వివరం, రెండోది దానికి జతగా ఉన్న పందొమ్మిది పేర్ల జాబితా. ఆనాడు అవి చదివి వినిపించినప్పుడు ఆయన, 'ఇవి తరవాత చూద్దాం,' అని పక్కన పెట్టించారు. జాబితాలో ఎవరికీ ఇంటిపేరు లేకపోవడం చూసి, ఎవరు తాతగారూ వీళ్ళు, అని అడిగితే, 'పనివాళ్ళు' అన్నారు. ఆమె మనసులో 'పాలేర్లు' అనుకుని సరిపెట్టుకుంది.

"ఇవి పుస్తకానికి అక్కర్లేదు. తీసెయ్యి."

తీసేసింది. పెద్దవాళ్ళు చెప్పిన పని ఎందుకని అడగడం ఆమెకు అలవాటు లేదు. ఆయన వెనక నిలబడే ఉన్నారు.

"ఆ చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది చూడు. అందులోంచి కూడా."

అదీ చేసింది.

సాయంత్రం స్మృతి ఆఫీసు నుంచి వచ్చి, కారు తాళాలు గిన్నెలో పడేసి, సంగతి విని అక్కడే బల్లమీద తల పెట్టేసుకుంది.

"దీపూ. లైక్, నన్ను ఒక టెక్స్ట్ అడగాలి కదా ముందు?"

"ఇంటిపేరు చెప్పారక్కా ఆవిడ."

"ఓ మై గాడ్, యూ అండ్ యువర్ ఇంటిపేరు." స్మృతి తలెత్తింది. నవ్వబోయి మానేసింది. "ఇక్కడ బ్లాక్ ఫ్యామిలీస్‌కి స్కాటిష్ లాస్ట్‌నేమ్ ఎలా వచ్చిందో నీకు తెలీదా? వాళ్ళని ఓన్ చేసినవాళ్ళ పేరు అది. కొన్నవాళ్ళ పేరు. ఆ లిస్ట్‌లో ఉన్నది పనివాళ్ళు కాదు."

 ఈ దేశంలో మనుషుల్ని కొన్నారని దేదీప్య పదో తరగతి సోషల్ పుస్తకంలో చదివింది. అది తాను అంచులు పట్టుకుని చదివిన కాగితం మీదే ఉందని తట్టలేదు.

"మరి తాతగారు పుస్తకంలో..."

"ఆయన్ని వాళ్ళ నాన్న అలా నమ్మించాడు. ట్వెల్వ్ ఇయర్స్‌గా రాస్తున్నాడు ఆ బుక్. జూలైలో బార్నాక్స్ అందరి గ్యాదరింగ్‌లో రిలీజ్ చేస్తారు, మగాళ్ళు స్కాటిష్ స్కర్ట్‌లు కట్టుకుని డ్రమ్స్ కొట్టి." స్మృతి గొంతు తగ్గించింది. "విను. మా పెళ్ళికి ఆయన రాలేదు. సాన్వి పుట్టాక కూడా టూ ఇయర్స్ మాట్లాడలేదు. ఆ బుక్‌లో లాస్ట్ పేజీలో ఇప్పుడు సాన్వి పేరుంది. ఆయన చేత్తో రాశాడు. నేను దానికోసం ఎంత వెయిట్ చేశానో నీకు తెలీదు."

"ఆవిడని ఏం చేయమంటావక్కా?"

"ఫోన్ చేసి క్యాన్సిల్ చెయ్యి."

"అన్నానికి పిలిచిన మనిషిని రావద్దని ఎట్లా చెప్పను?"

స్మృతి ఆమె వంక చూసి, ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండానే మూసేసింది.

ఆదివారం వెర్నా చెప్పిన వేళకు వచ్చింది. డెబ్బై దాటిన నల్లని మనిషి, పొడుగరి. చర్చి నుంచి నేరుగా వచ్చిందేమో, నీలం గౌను, నీలం టోపీ. చేతిలో రేకు కాగితం చుట్టిన వెన్న కేకు. ముసలాయన కోటు వేసుకుని వచ్చి చెయ్యి కలిపి, కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. మర్యాదలో ఎక్కడా లోటు లేదు.

వెర్నా ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయింది. సాంబారు రెండుసార్లు వేయించుకుంది. కారం తగిలి కళ్ళు తుడుచుకుంటూ, "ఈ పిల్ల నన్ను ఏడిపించడానికే పిలిచినట్టుంది," అని దేదీప్య భుజం తట్టింది.

సాన్వి ఆమెను వదలకుండా చూస్తోంది. "మీ లాస్ట్‌నేమ్ కూడా బార్నాకేనా? ఆర్ యూ మై ఆంటీ?"

"ఈ అక్క లెక్కలో అయితే అంతే."

"గ్రాండ్‌పా వాళ్ళు షిప్‌లో వచ్చారు. మీరు?"

"సాన్వీ, తిను," అంది స్మృతి.

"అడగనివ్వమ్మా." వెర్నా చెంచా పక్కన పెట్టింది. "పేరు మీ తాతవాళ్ళ ఓడలో వచ్చింది తల్లీ. మేము ఇంకో ఓడలో వచ్చాం. ఈ ఒడ్డున దిగాక మాకు అంటించారు." ముసలాయన వైపు తిరగకుండానే చెప్పుకుపోయింది. "విడుదల చేసినప్పుడు నీకే పేరు కావాలో చెప్పమన్నారట మా ముత్తాతని. చాలామంది ఆ పాత పేరు పారేశారు. ఆయన ఉంచుకున్నాడు. వాళ్ళమ్మ హెస్టర్ ఆ పొలంలోనే ఉంది కదా. బార్నాక్ అనుకుంటూ ఉంటే, అమ్మ ఎక్కడుందో ఎప్పటికైనా ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని. అడ్రసులాగా ఉంచుకున్నాడన్నమాట."

స్మృతి సాన్వి గ్లాసులో నీళ్ళు పోసింది.

"ఎంతమంది ఉన్నారక్కడ?" అంది సాన్వి.

"అదే తెలీదు. బస్సు కదిలించే ముందు తలలు లెక్కపెట్టుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా మానలేదు నేను. నావాళ్ళు ఎంతమందో మాత్రం తెలీదు." అప్పుడు ముసలాయన వైపు తిరిగింది. "బార్నాక్ గారూ, నాకు పుస్తకంతో పని లేదు. ఎవర్నీ తిట్టడానికి రాలేదు. ఆ పటం ఒక్కసారి కౌంటీవాళ్ళకు చూపించి తిరిగి ఇచ్చేస్తాను."

"అలాంటి పటం ఏదీ లేదమ్మా," అన్నారు ఆయన. గొంతు ఎంతో మెత్తగా ఉంది. "ఈ అమ్మాయి పొరబడింది. మంచి పిల్ల, కానీ ఇండియా నుంచి వచ్చింది. మన పాత చేతిరాత చదవడం రాదు. దేన్ని చూసి ఏమనుకుందో. మిమ్మల్ని ఇంతదూరం రప్పించినందుకు క్షమించండి."

దేదీప్య తన చేతుల వంక చూసుకుంది.

"నిజమేనా అమ్మా?" అంది వెర్నా. "నువ్వు చూసింది పటం కాదా?"

స్మృతి దేదీప్యనే చూస్తోంది, కళ్ళతో బతిమాలుతూ. ముసలాయన చూడడం లేదు. రుమాలు మడత పెడుతున్నారు, అంచుకు అంచు కలిపి.  ఊటబావి మీద కట్టిన రాతి గది, దానికి తూర్పున వాలు, వాలు మీద మూడు వాల్‌నట్ చెట్లు, వాటి నీడలో వరసగా గీసిన పందొమ్మిది చిన్న గీతలు దేదీప్య కళ్ళముందే ఉన్నాయి. పక్కన సన్నటి అక్షరాలతో, 'మా నల్లవాళ్ళను పెట్టిన నేల.'

"పొరబడ్డానేమోనండి," అంది.

వెర్నా తలాడించింది. కాఫీ తాగింది. వంట బాగుందని స్మృతికి చెప్పింది. సాన్వి బుగ్గ మీద ముద్దుపెట్టింది. గుమ్మందాకా సాగనంపడానికి దేదీప్యే వెళ్ళింది.

మెట్ల మీద ఆగి వెర్నా వెనక్కి తిరిగింది. "బస్సులో డ్రైవర్ నెత్తిమీద ఒక అద్దం ఉంటుంది. అందులోంచి పిల్లల ముఖాలన్నీ కనిపిస్తాయి. ఎవరు అబద్ధం చెబుతున్నారో చూసి చూసి ముసలిదాన్నయ్యాను." చేతిసంచిలోంచి ఒక చీటీ తీసి దానిమీద నంబరు రాసిచ్చింది. "మంగళవారం ఆరింటికి. ఎవరైనా మాట్లాడొచ్చు. పేరూ అడ్రసూ చెబితే మూడు నిమిషాలిస్తారు."

సోమవారం పొద్దున కాగితాల చెత్త బయట పెట్టే రోజు. నీలం డబ్బా బయటికి లాగుతూ దేదీప్య దాని మూత తీసి చూసింది. పైన పిజ్జా పెట్టె, సాన్వి బొమ్మలు. వాటికింద, కాగితాలు ముక్కలు చేసే యంత్రంలోంచి వచ్చిన సన్నటి చీలికలు. కరెంటు బిల్లులు తెల్లగా ఉంటాయి. ఇవి టీ రంగులో ఉన్నాయి. ఒక చీలిక తీసింది. దళసరి కాగితం, గుడ్డలా మెత్తగా ఉంది. దానిమీద పొడుగు అక్షరం ఒకటి, సగం.

అంచులు తప్ప పట్టుకోనివ్వని మనిషి.

డబ్బా అక్కడే వదిలి ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ముసలాయన ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలోని చీలిక చూశారు. కోప్పడలేదు.

"మా నాన్న నాకు అబద్ధం చెప్పాడని ఎనభై మూడేళ్ళకు తెలుసుకోవాలా నేను? నాకంత బలం లేదు."

"ఆవిడ గొడవకు రాలేదు తాతగారూ."

"వాళ్ళు రారు. వాళ్ళ తరవాత పత్రికలవాళ్ళు వస్తారు." కళ్ళు మూసుకున్నారు. "మీ తాత గురించి ఎవరో వచ్చి ఇలా చెబితే నువ్వేం చేస్తావు?"

 ఆమెకు గుర్తొచ్చింది. గొలుసుకట్టు దస్తావేజుల్లో ఒకచోట పొలంతో పాటు పేర్లుండేవి. ఎంకడు, పోలిగాడు, పెదసుబ్బడు. ఇంటిపేర్లు లేవు. వీళ్ళెవరు తాతా అంటే, పాలేర్లే అమ్మాయ్, అది వదిలేసి కిందది చదువు, అన్నాడు. పదమూడేళ్ళ పిల్ల కిందది చదివింది. పోలిగాడి మనవరాలు తనతో పాటే ఒకే బెంచీ మీద కూర్చునేది. ఆ సంగతి ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం క్లాసుకు వెళ్ళలేదు. నోట్‌బుక్ తీసి పటం గీసింది. ఊటబావి, రాతి గది, తూర్పు వాలు, చెట్లు. పందొమ్మిది గీతలు గీసింది. పక్కన పేర్లు రాయడం మొదలుపెట్టింది. హెస్టర్. జూబా. చిన్న ఆన్. కుంటి మోజెస్. పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. కళ్ళు మూసుకుని జాబితాను మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. మిగతా ఐదు రాలేదు. ఈ లోకంలో ఆ ఐదు పేర్లు చివరిగా చదివింది తను. చివరిగా చెరిపింది కూడా తనే.

స్మృతి ఇంటికొచ్చి గదిలోకి తొంగిచూసి, నోట్‌బుక్ చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"డోంట్ డూ దిస్. నువ్వు ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నావ్. కౌంటీ హియరింగ్, కెమెరాలు, పేరు. ఇప్పుడున్న రోజుల్లో ఎవరైనా నీ గురించి కంప్లెయింట్ పెడితే?"

"మూడు నిమిషాలేనట అక్కా."

"అడ్రస్ చెప్పాలి తెలుసా? మైక్‌లో. ఈ ఇంటి అడ్రస్. ఆయన పేరు, కాలిన్ పేరు, సాన్వి పేరు అన్నీ వచ్చేస్తాయి. ఆఫ్టర్ దట్ ఇక్కడ ఎలా ఉంటావ్? నేను కూడా ఏం చేయలేను." స్మృతి మంచం అంచున కూర్చుంది. "అయినా ఒరిజినల్ లేదు. నీ డ్రాయింగ్ ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోవచ్చు."

"మరి?"

"ఉన్నప్పుడు లేదని చెప్పానక్కా. ఆవిడ అన్నం తింటూండగా."

స్మృతి నోట్‌బుక్ చేతిలోకి తీసుకుంది. పేర్లు పైనుంచి కిందికి చదివింది, పెదాలు మాత్రమే కదుపుతూ. ఖాళీగా వదిలిన ఐదు వరసల దగ్గర వేలు పెట్టి, ఏదో అడగబోయి, నోట్‌బుక్ మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

దేదీప్య ఫోన్ చేసింది.

"నేను అబద్ధం చెప్పానండి."

"తెలుసు."

"కాగితం ఇప్పుడు లేదు. ముక్కలైపోయింది. నేను టైపు చేసింది కూడా నా చేత్తోనే తీసేశాను. గుర్తున్నది గీశాను. పందొమ్మిది మంది. పేర్లు పద్నాలుగే గుర్తున్నాయి."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

"పందొమ్మిది," అంది వెర్నా. "హెస్టర్ ఉందా?"

"మొదటి పేరు అదేనండి."

 ఈసారి వెర్నా గొంతు బస్సు నడిపే మనిషిదిలా మామూలుగా వచ్చింది. "కంపెనీ లాయరు నిన్ను నానా మాటలూ అడుగుతాడు. చేతిరాత చదవడం వచ్చా అంటాడు. ఎవరింట్లో ఉంటున్నావంటాడు. అంతా అయ్యాక కూడా వాళ్ళు తవ్వుకోవచ్చనే ఓటెయ్యొచ్చు. అన్నీ చెబుతున్నాను, తరవాత నన్ననుకోవద్దు."

"అనుకోనండి."

"ఆ ఇంటి ముందుకు నేను రాను. రోడ్డు మలుపు దగ్గర కారు ఆపుకుని ఉంటాను, ఐదింటికి."

మంగళవారం దేదీప్య బట్టలు రెండు జతలు, పాస్‌పోర్టు, కాలేజీ కాగితాలు వీపుసంచిలో సర్దుకుంది. ఎవరూ పొమ్మనలేదు. అయినా సర్దుకుంది. నోట్‌బుక్ చించకుండా అలాగే పైన పెట్టింది.

కిందికి దిగేసరికి ముసలాయన హాల్లో, వీధి తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆదివారం వేసుకున్న కోటే వేసుకున్నారు. మోకాళ్ళ మీద పుస్తకం ప్రతి దొంతరగా ఉంది, చదవడం లేదు. వంటింట్లో స్మృతి కుళాయి కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగిపోవడంతో ఇల్లంతా ఒక్కసారి బావురుమంది.

దేదీప్య బల్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. ఒక లేసు ముడి పడలేదు. మళ్ళీ కట్టింది. ఆయన ఆమె చేతుల్నే చూస్తున్నారు, పెట్టె ముందు కూర్చున్నప్పుడు చూసినట్టే.

"వేర్ ఈజ్ షీ గోయింగ్, మామ్?" అంది సాన్వి మెట్ల మీంచి.

 స్మృతి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"డీపా," అన్నారు ముసలాయన. కుర్చీలోంచి లేవబోయి, లేవలేకపోయారు. తరవాత చెప్పవలసిన మాట కోసం పెదాలు కదిలాయి. అది వెళ్ళమనో, వద్దనో, మరొకటో, ఆమె ఆగి విననూలేదు, తిరిగి చూడనూలేదు. సంచి భుజాన వేసుకుని, ఆయన కుర్చీ పక్కనుంచి ఒదిగి దాటి, తలుపు తీసి, వెర్నా కారు ఆపుకుని ఉంటానన్న రోడ్డు మలుపు వైపు నడిచింది.